నా సెలవు మీద నా కొర్రీ

మా జోనల్ మేనేజరుకూ నాకూ పడదు. మనిషి నాకు బాగా తెలుసు. పొట్ట ముందొస్తుంది, వెనకాల తను వస్తాడు. నోరు తెరిస్తే శ్లేష. వేశాక ఎదుటివాడు నవ్వాడో లేదో అని కళ్ళజోడు పైనుంచి చూస్తాడు. ఎవరూ నవ్వరు. మా పరిపాలనాధికారి అంతకన్నా ఘనుడు. కాగితం కనబడితే చాలు, ఏదో ఒక తప్పు పట్టందే భోజనానికి లేవడు. వీళ్ళిద్దరి కిందా నలిగిపోతున్న సూపరింటెండెంటును నేను. చిత్రమేమిటంటే మేం ముగ్గురం ఒకే చొక్కా తొడుక్కుంటాం, ఒకే క్యారేజీ తింటాం, సాయంత్రం ఒకే స్కూటరెక్కి ఒకే ఇంటికి వెళ్ళి ఒకే ఆవిడ చేత చీవాట్లు తింటాం. ఎందుకంటే ఆ ముగ్గురూ నేనే.

నా పేరు కొత్తలంక త్రినాథరావు. మా నాన్నగారు ఎంత ముందుచూపుతో పెట్టారో చూడండి. మాది కొబ్బరి పీచు పరిశ్రమల సంస్థ, అమలాపురం జోను. పీచు తక్కువ, పేచీ ఎక్కువ. ఒకప్పుడు ముప్పై మంది కూర్చున్న ఆఫీసు. రిటైరైనవాళ్ళ స్థానంలో కొత్తవాళ్ళను వేయడం సంస్థ ఎప్పుడో మానుకుంది. ఖాళీ కుర్చీల మీద కొత్త తువ్వాళ్ళు మాత్రం ఏటా వేస్తుంది. పరిపాలనాధికారి రిటైరైనప్పుడు "తాత్కాలికంగా మీరు చూడండి" అన్నారు. ఆ తాత్కాలికానికి ఇప్పుడు మీసాలు మొలిచాయి. జోనల్ మేనేజరు బదిలీ అయినప్పుడు "ఒక్క వారం మీరే ఇన్‌ఛార్జి" అన్నారు. ఆ వారానికి ఇంతవరకూ ఆదివారం రాలేదు. ఫోనుకు ఒక్క ఛార్జి ఎక్కిస్తే సాయంత్రం దాకా నిలబడుతుంది. నాకు రెండు ఛార్జులు అదనంగా ఎక్కించారు, మధ్యాహ్నానికే కునికిపాట్లు పడుతున్నాను.

కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోని రోజుల్లో మా ఆఫీసులో సెలవు పద్ధతి ఎంతో నాగరికంగా ఉండేది. ప్రతివారూ తేదీ వేయని సెలవు చీటీ ఒకటి రాసి డ్రాయరులో పడేసేవారు. మనిషి రాని రోజున పైనుంచి ఎవరైనా తనిఖీకి ఊడిపడితే, పక్క సీటువాడు దానిమీద తేదీ వేసి వినయంగా చూపించేవాడు. ఎవరూ ఊడిపడకపోతే చీటీ మళ్ళీ నిద్రపోయేది. ఒక్కొక్క చీటీ మీద దుమ్ము చూసి ఆ మనిషి ఎంత నిజాయితీపరుడో చెప్పేవాళ్ళం.

అలాంటి బంగారంలాంటి రోజుల్లో హెడ్డాఫీసువారు అన్ని జోన్ల కంప్యూటర్లనూ ఒకే తాడుకు కట్టేశారు. పీచు సంస్థ కదా, తాడు పేనడం వాళ్ళకేం కష్టం? ఉద్యోగి చేరిన రోజు నుంచి పింఛను దాకా సమస్తం ఒక్క సర్వరులోకి పోయింది. హోటల్లో సర్వరును కేకేస్తే కనీసం మంచినీళ్ళు తెచ్చిపెడతాడు. ఈ సర్వరు ఎదురు మనచేతే నీళ్ళు తాగిస్తుంది.

దానికి పేరు పెట్టమని ఉద్యోగులకు పోటీ పెట్టారు. నా నోరు ఊరుకుంటుందా? "సేవాజాలం" అని పంపాను. జాలమంటే వల, ఇంద్రజాలంలో ఉన్నది మాయ, జాలం చేయకు అన్నప్పుడు ఆలస్యం. మూడూ కలిసొచ్చాయని నాలో నేనే కులుక్కున్నాను. హెడ్డాఫీసు నవ్వలేదు. బహుమతి ఇచ్చింది. ఒక శాలువా కప్పి, ఆ మీదట మా జోనుకు నన్నే నోడల్ అధికారిని చేసింది. నోటిదూల ఉన్నవాడికి నోడల్ పదవి, ఇంకేం కావాలి?

సేవాజాలానికి మనుషులు తెలియరు, పోస్టులే తెలుసు. ఒక పోస్టు అడగాలి, దాని పై పోస్టు పరిశీలించాలి, ఆ పై పోస్టు ఆమోదించాలి. అందులో నాకేం ఇబ్బంది కనబడలేదు. మా ఆవిడ ఈతకు పేరిచ్చేదాకా.

మా ఆవిడ పేరు రత్నం. గోదావరి లంకలో పుట్టిన మనిషి. చిన్నప్పుడు వైనతేయ పాయ ఈదుకెళ్ళి అవతలి గట్టు జామకాయలు కోసుకొచ్చేదట. పెళ్ళయ్యాక ఆవిడ ఈదింది నాతో సంసారం ఒక్కటే. ఏభై దాటాక ఒకరోజు పంటకాలువ మెట్ల మీద నిలబడి, నీళ్ళకేసి చూసి, "ఏవండీ, నేను దిగుతున్నానండీ" అంది. కాళ్ళు కడుక్కోవడానికనుకుని "పాకుడుంటుంది, జాగ్రత్త" అన్నాను. దూకేసింది! నేను పెట్టిన కేకకు అవతలి గట్టు మీద జనం పోగయ్యారు. ఆవిడ నింపాదిగా వాళ్ళదాకా ఈదుకెళ్ళి, "ఏం లేదండి, మా ఆయన అలాగే అరుస్తారు" అని చెప్పి తిరిగొచ్చింది.

అక్కణ్ణించి మొదలైంది. విశాఖపట్నంలో ఏభై దాటిన ఆడవాళ్ళకు ఈత పోటీలట, ఏభై మీటర్లు. మహిళా మండలివాళ్ళు చెప్పారు, ఈవిడ పేరిచ్చింది. తెల్లారగట్ల కాలువలో ఈత, మిగతా రోజంతా వంటింట్లో ఈత. పప్పు కలపాలన్నా గరిటెతో ఒక బార వేసి కలిపేది. నేను గుమ్మంలో నిలబడి "నీకు ఈత, నాకు మోత" అన్నాను. ఒక పూటకు ఒక్క శ్లేషే అని మా ఇంట్లో చట్టం. ఆ పూటకు అది అయిపోయింది.

"ఈసారి మాత్రం మీరు గట్టు మీద ఉండాలండి," అంది రత్నం. ఆవిడ కుట్టుపని పరీక్ష నెగ్గిన రోజు నాకు ఆడిట్టు. మహిళా మండలిలో మైకు ముందు మాట్లాడిన రోజు నాకు గోడౌను తనిఖీ. ఆవిడ గెలుపులన్నీ నేను క్యారేజీ విప్పుతూ విన్నవే.

"నేనెందుకే, నాకు ఈత రాదుగా?"

"ఈదడానిక్కాదండి, చూడ్డానికి. మునిగినా తేలినా మనమనిషొకరు చూస్తన్నారని ఉండాలి గదా."

"ఆఫీసు ఒప్పుకోవాలి గదా మరి."

"మీ ఆఫీసులో మీ పైనెవరున్నారండీ? మీరేగా!"

నిజమే కదా అనిపించింది. నా సెలవు నేనే అడిగి, నేనే పరిశీలించి, నేనే మంజూరు చేసుకోవచ్చు. ఉద్యోగంలో చేరినప్పటినుంచీ ఇంత దయగల అధికారుల కిందే పనిచేయాలని కలలుగన్నాను.

మర్నాడు ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చున్నాను. నేను కాక మా ఆఫీసులో మిగిలిన ఏకైక ప్రాణి వీరవేణి, జూనియర్ అసిస్టెంటు. ఆ అమ్మాయి నా శ్లేషలకు నవ్వదు, పైగా "అర్థమైందండి" అంటుంది. అంతకన్నా అవమానం లేదు. సూపరింటెండెంటుగా లాగిన్ అయ్యాను. లాగిన్ అంటారు గానీ ఎడ్లబండిని నేనే లాగినట్టుంటుంది. ఒక రోజు సెలవు, కారణం: భార్య ఈత పోటీ. పంపించాను. బయటికొచ్చి పరిపాలనాధికారిగా మళ్ళీ లోపలికెళ్ళాను. నా దరఖాస్తు వచ్చి కూర్చుంది. కింద ఒక ఖాళీ గడి మినుకుమినుకుమంటోంది: "పరిశీలనాధికారి అభిప్రాయం."

ఇక్కడే నా చెయ్యి నన్ను ముంచింది. కొర్రీ అంటే తెలియనివారు అదృష్టవంతులు. పైకి వెళ్ళవలసిన కాగితాన్ని కిందికి తోలడానికి అధికారి వేసే ప్రశ్న పేరు కొర్రీ. భోజనంలో కర్రీ ఎంతో ఫైలులో కొర్రీ అంత. అది లేకపోతే ముద్ద దిగదు. నా బల్ల మీంచి ఏ కాగితమూ కొర్రీ పడకుండా పైకి పోలేదు. తప్పు లేని కాగితం వస్తే "తప్పు లేకపోవుటకు కారణము తెలుపగలరు" అని రాసినవాణ్ణి నేను. ఆ గడి చూడగానే నా వేళ్ళు నన్ను అడక్కుండానే కదిలాయి: "భార్య ఈదుచుండగా భర్త ఉండవలసిన ఆవశ్యకత ఏమి? ఉన్నచో ఆమె వేగము పెరుగునా? వివరించగలరు."

మీట నొక్కేశాను. వెనకాల వీరవేణి కెవ్వుమంది.

"సారండీ! అది మీదేనండి!"

"ఏది?"

"ఆ దరకాస్తండి. కొర్రీ ఏసింది మీకేనండి బాబూ!"

చూసుకున్నాను. వెనక్కి తీసుకునే మీట కోసం వెతికాను. పెళ్ళిలో తాళికట్టాక ఎలాగో సేవాజాలంలో కొర్రీ వేశాక అలాగేనట, వెనక్కి లేదు. సరే, సూపరింటెండెంటుగా తిరిగి వెళ్ళి వినయంగా జవాబిచ్చాను: "ఒడ్డున తువ్వాలు పట్టుకొని నిలబడవలసియున్నది." వెంటనే పరిపాలనాధికారిగా "సంతృప్తికరం" అన్నాను. వెంటనే జోనల్ మేనేజరుగా "ఆమోదించడమైనది" అన్నాను. వీరవేణి పెట్టిన టీ పొగలు ఆరకముందే ముగ్గురం ఒప్పేసుకున్నాం. అంతలో తెర ఎర్రబడింది.

"మూడు స్థాయుల అధికారులు ఒకే యంత్రము నుండి, ఒకే తావున, ఎడము లేకుండా సమ్మతించినందున కుమ్మక్కు జరిగినట్లు అనుమానించడమైనది. ఆమోదము నిలుపుదల."

హెడ్డాఫీసులో సేవాజాలానికి పెద్ద దిక్కు పరాంకుశం గారు. మానవ వనరుల అనుసంధాన మహా పర్యవేక్షకులు. ఆ హోదా పలికేసరికి మన వనరులు సగం ఖర్చయిపోతాయి. ఫోన్ చేశాను.

"అయ్యా, అమలాపురం నుంచి త్రినాథరావునండి. మేం ముగ్గురం కుమ్మక్కయ్యామని..."

"అయ్యారా?"

"మేం ముగ్గురం లేమండి. ఒక్కణ్ణేనండి."

"త్రినాథరావు గారూ, మీరు ఒక్కరేనన్న సంగతి నాకునూ తెలియును. నాకు తెలిసినంత మాత్రమున ఏమి లాభము? వ్యవస్థకు తెలియవలెను. వ్యవస్థ దృష్టియందు మీరు ముగ్గురు గౌరవనీయులైన అధికారులు. ముగ్గురికీ అన్నింటా ఏకాభిప్రాయమున్నచో ముగ్గురెందుకు, ఒకరు చాలునుగదా అను ప్రశ్న ఉదయించును. ఆ ప్రశ్న ఉదయించినచో రెండు పోస్టులు అస్తమించును."

"మరేం చెయ్యమంటారండి?"

"మీలో మీకు కొంత విభేదము కనబడవలెను. ఆరోగ్యకరమైనది."

పెద్దలు సెలవిచ్చారు. సెలవు మాత్రం ఇవ్వలేదు.

ఆరోగ్యం కోసం విభేదం మొదలుపెట్టాను. జోనల్ మేనేజరుగా పరిపాలనాధికారికి మెమో ఇచ్చాను: తువ్వాలు విషయంలో తొందరపడి సంతృప్తి చెందడానికి కారణమేమి? పరిపాలనాధికారి ఊరుకుంటాడా, ఆ కోపం సూపరింటెండెంటు మీద తీర్చుకున్నాడు: "తువ్వాలు వేలాడదీయుటకు కొక్కెము వంటి ప్రత్యామ్నాయములు పరిశీలించబడినవా?" సూపరింటెండెంటుకు రోషం వచ్చింది: "కొక్కెము చప్పట్లు కొట్టజాలదు." దాని మీద జోనల్ మేనేజరు: "పై అధికారితో హాస్యమా?"

నిజం చెప్పొద్దూ, నాకు సరదా పుట్టింది. ఇన్నాళ్ళూ నా కొర్రీలకు ఇంత తెలివైన జవాబులు ఎవరూ ఇవ్వలేదు. ప్రతి కొర్రీకీ సేవాజాలం "శ్రద్ధ" అని పచ్చచుక్క పెడుతుంది. చుక్కల్లో మా జోను రాష్ట్రంలోనే మొదటిదైంది. "అంతర్గత అప్రమత్తతకు అమలాపురమే ఆదర్శము" అని హెడ్డాఫీసు అందరికీ రాసింది. పక్క జోనులో నాలాగే రెండు కుర్చీలు మోస్తున్న ఇన్‌ఛార్జి ఒకాయన సిగ్గుపడుతూ ఫోన్ చేశాడు.

"గురువుగారూ, నాతో నేను పోట్లాడాలంటే ఎక్కణ్ణించి మొదలెట్టాలండీ?"

"కింది పోస్టులో ఉన్నప్పుడు పై పోస్టువాడి జీతం గుర్తుచేసుకోండి," అన్నాను.

"భలే చెప్పారండి! ఇప్పటికే ఒళ్ళు మండుతోంది."

ఈ వైభవంలో సెలవు సంగతి పక్కకుపోయింది. పోటీ దగ్గరపడింది. విభేదం ముదిరిందని సేవాజాలం కనిపెట్టి, ముగ్గురు అధికారులకూ తెర మీద రాజీ సమావేశం పెట్టింది. అధ్యక్షులు పరాంకుశం గారు. వీరవేణి మూడు గదుల్లో మూడు కంప్యూటర్లు తెరిచింది. ఎవరి కుర్చీలో వారు కనబడాలని నిబంధన. నేను గదినుంచి గదికి పరుగెత్తాను. నా పొట్ట ప్రతి గదిలోకీ నాకన్నా ముందే హాజరైంది.

"సూపరింటెండెంటు గారు అటుల ఆయాసపడుచున్నారేమి?" అన్నారు పరాంకుశం గారు.

"జోనల్ మేనేజరు గారి గదిలోంచి వచ్చారండి, ఆయ్," అంది వీరవేణి తలుపు చాటునుంచి.

"పిలిపించి బెదిరించినారా?"

"అబ్బే, తనని తనే తోలుకుంటూ వచ్చారండి."

జోనల్ మేనేజరు కుర్చీ మెత్తగా ఉంటుంది. కొత్త తువ్వాలు. గదిలో ఏసీ. అందులో కూర్చోగానే నా గొంతు రెండు మెట్లు కిందికి దిగింది. "మీరేమందురు?" అని పరాంకుశం గారు అడిగేసరికి, నా మీద నాకు ఎప్పటినుంచో పేరుకుపోయిన కోపం పొంగింది.

"ఆ సూపరింటెండెంటు ధోరణి నాకు మొదటినుంచీ నచ్చదండి. పని తక్కువ, మాటలెక్కువ. శ్లేషలతో సిబ్బంది ప్రాణం తీస్తాడు. ఇలాంటివాడికి సెలవిస్తే అదే అలుసవుతుంది."

పరుగెత్తుకెళ్ళి చెక్కకుర్చీలో పడ్డాను. పైన ఫ్యాను తిరగడం లేదు. "ఏసీలో కూర్చున్నవాళ్ళకు కిందివాడి కష్టం ఏం తెలుసండీ?" అన్నాను. గొంతులో నిజంగానే దుఃఖం. "ఆయన గారికి భార్యాబిడ్డలుంటే తెలిసేది!"

మధ్య గదిలోకి వెళ్ళి పరిపాలనాధికారిగా, "ఇద్దరిలోనూ తప్పుంది. ఇద్దరి దగ్గరా వివరణ తీసుకోవాలి," అన్నాను. ఆ గదిలో ఏసీ లేదు, ఫ్యాను తిరుగుతుంది. నా అభిప్రాయం కూడా అంత ఉక్కగానూ అంత చల్లగానూ లేదు.

"సజీవమైన చర్చ!" అని పరాంకుశం గారు మెచ్చుకున్నారు. "రాజీ అసాధ్యమని తేలినది. సంతోషము. విచారణకు సిఫార్సు చేయుచున్నాను."

తెరలు ఆరిపోయాక గోడకు చేరగిలబడ్డాను. వీరవేణి వచ్చింది.

"టీ ఎవరికి తెమ్మంటారండి?"

"ముగ్గురికీ ఒకటే చాలు."

"ఆయ్. మీకూ మీకూ ఎంగిలి పట్టింపు లేదు గదండీ," అంది. మొదటిసారి ఆ అమ్మాయి నవ్వడం చూశాను. అది నా శ్లేషకు కాదు, నాకు.

ఇంటికెళ్ళి భోజనానికి కూర్చున్నా మంట చల్లారలేదు. "ఆ సూపరింటెండెంటుకు పొగరెక్కువైపోయింది రత్నం," అన్నాను, గొంతు ఇంకా రెండు మెట్లు కిందే ఉంది. "కాస్త దించాలి."

రత్నం గరిటె కింద పెట్టింది. "మీరిప్పుడు ఏ పోస్టులో మాటాడుతున్నారండీ?"

"అదీ..."

"మన పెళ్ళయిన కాణ్ణించీ ఇంట్లో ఒక పోస్టు ఖాళీగా ఉందండి. మొగుడు పోస్టు. దానికి ఇన్‌ఛార్జి అయినా లేడు."

చేతిలో ముద్ద మింగాను. జవాబుగా ఒక శ్లేష తట్టింది. దాన్ని కూడా మింగేశాను. ఉద్యోగంలో చేరాక నేను మింగిన మొదటి శ్లేష అదే అయ్యుంటుంది.

ఆదేశం వచ్చింది. విచారణ తటస్థమైన చోట జరగాలట. తటస్థమైన చోటుగా విశాఖపట్నం జోనల్ ఆఫీసును సేవాజాలమే ఎంచింది. తేదీ చూసి ఎగిరి గంతేశాను. సరిగ్గా పోటీ రోజు! ప్రయాణఖర్చులతో సహా సంస్థే నన్ను రత్నం దగ్గరికి పంపుతోంది. తర్వాత వేళ చూశాను. ఈత పది గంటలకు. విచారణా పది గంటలకే.

పరాంకుశం గారికి మళ్ళీ ఫోన్ చేశాను.

"అయ్యా, ఆ రోజు నాకు సెలవు ఇవ్వాలా వద్దా అని తేల్చే విచారణ ఆ రోజే పెట్టారండి."

"అవును. ఆ తేదీ గడిచినచో విచారణ నిష్ప్రయోజనమగును. వ్యవస్థ కడు సమయస్ఫూర్తి గలది."

"విచారణకు వస్తే నేను డ్యూటీలో ఉన్నట్టే గదండీ?"

"నిస్సందేహముగా. డ్యూటీలో ఉన్నవారికి సెలవుతో పనిలేదు. కావున దరఖాస్తు కొట్టివేయబడును."

"రాకపోతే?"

"అడిగినవారే లేనప్పుడు ఇచ్చుటెవరికి? కావున దరఖాస్తు తిరస్కరించబడును. పైపెచ్చు అనధికార గైర్హాజరు. అదనపు బాధ్యతలు ఊడును, అసలు బాధ్యత మీద చర్య ఉండును."

"అంటే ఎలా చూసినా నాకు సెలవు రాదు."

"అటుల నిరాశపడరాదు. వాదించుకొను హక్కు మీకున్నది. మూడు కుర్చీలు వేయించుచున్నాను."

బస్సులో విశాఖపట్నం చేరాం. పొద్దున్నే లాడ్జిలో రత్నం రబ్బరు టోపీ పెట్టుకుని అద్దంలో చూసుకుని, "గుండు చేయించుకున్నట్టున్నాను గదండీ," అంది. టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీసింది. కాలువకు ఎప్పుడూ జంకని మనిషి. "ఎల్లిరండి మీరు," అంది. "ఉద్యోగం మీదికొచ్చే ఏషాలెందుకు? ఏభై మీటర్లేగా, ఈదేసి వచ్చేస్తాను."

లాడ్జి బయట దారి చీలింది. ఆవిడ సంచీ తగిలించుకుని ఎడమవైపు ఆటో ఎక్కింది. నేను ఫైలు చంకలో పెట్టుకుని కుడివైపు నడిచాను. కాస్త దూరం పోయాక కాళ్ళు ఆగిపోయాయి. నడిరోడ్డు మీద ముగ్గురం సమావేశమయ్యాం. క్రమశిక్షణ అన్నాడు జోనల్ మేనేజరు, అంత గట్టిగా మాత్రం అనలేదు. సూపరింటెండెంటు ఏమీ అనకుండా ఎడమవైపు చూశాడు. పరిపాలనాధికారి తన అలవాటు ప్రకారం ఒక కొర్రీ వేశాడు: ఈ పోటీకీ మనం వెళ్ళకపోతే, ఆవిడ ఇంకెన్నిసార్లు మనల్ని పిలుస్తుంది?

ఎదురుగా వస్తున్న ఆటోను ముగ్గురం కలిసి ఆపాం.

ఈతకొలను గేటు దగ్గర మెడలో ఈల వేసుకున్నాయన చెయ్యి అడ్డంపెట్టాడు.

"మీరెవరి తాలూకండి?"

"రత్నం తాలూకండి. అమలాపురం రత్నం. ఏభై మీటర్లు."

"ఎంతమందొచ్చినారు? ఒకలికి ఒకలికే పాసు. జనం ఎక్కువైపోనారు."

"ఒక్కణ్ణేనండి," అన్నాను. ఆ మాట అంటుంటే ప్రాణం తేలిగ్గా అనిపించింది.

లోపలికి వెళ్ళేసరికి ఎనిమిది మంది ఆడవాళ్ళు దిమ్మల మీద నిలబడి ఉన్నారు. రత్నం చివరి దిమ్మ మీద. ఒడ్డు మీది జనాన్ని వెతుకుతున్నట్టు చూసి, వెతకడం మానేసి, నీళ్ళకేసి వంగింది. "రత్నం!" అని అరిచాను. పంటకాలువ దగ్గర అరిచిన అరుపే. కొలను కొలనంతా నావైపు తిరిగింది. ఆవిడా తిరిగింది. టోపీ కింద ముఖం ఎంత పెద్దదైందో చెప్పలేను. అంతలో ఈల మోగింది. నా మూలంగా ఆవిడ అందరికన్నా ఒక క్షణం ఆలస్యంగా దూకింది. భర్త ఉన్నచో వేగము పెరుగునా అన్న కొర్రీకి అప్పటికి జవాబు దొరికినట్టే, పెరగదు.

కానీ దూకాక చూడాలి! లంక పిల్ల బయటికొచ్చింది. బార మీద బార. ఒకావిణ్ణి దాటింది. ఇంకొకావిణ్ణి దాటింది. నేను ఒడ్డు వెంట పొట్ట పట్టుకుని పరుగెత్తుతున్నాను. సరిగ్గా అప్పుడు జేబులో ఫోను మోగింది. కొలనులో చూపు తిప్పకుండా ఎత్తాను.

"త్రినాథరావు గారూ!" పరాంకుశం గారి గొంతు గంభీరంగా ఉంది. "ఇచ్చట మూడు కుర్చీలునూ ఖాళీ. సదరు ముగ్గురు అధికారులు ఒకే వేళ, ఒకే విధముగా గైర్హాజరైనారు. దీని వెనుక ముందస్తు ఒప్పందమున్నట్లు వ్యవస్థ అనుమానించుచున్నది. మీరేమందురు?"

"నిజమేనండి," అన్నాను రొప్పుతూ. "దారిలోనే మాట్లాడుకున్నాం."

"ఏమీ! బద్ధ విరోధులు గదా! కుమ్మక్కైనారా?"

"పూర్తిగా అయ్యామండి. ఒక్కడు కూడా కాదనలేదు."

"పర్యవసానము తెలిసియేనా? ఆ కుర్చీలు ఇక మీవి కావు! ఇంతకునూ సదరు ముగ్గురూ ప్రస్తుతమెచ్చట ఉన్నారు? ఏమి చేయుచున్నారు?"

రత్నం చెయ్యి గోడను తాకింది. అయిదోదో, నాలుగోదో, నాకు లెక్క తెలియలేదు. నీళ్ళలోంచి తల పైకెత్తి, కళ్ళు తుడుచుకుని, ఆవిడ మొట్టమొదట ఒడ్డుకేసి చూసింది.

"ముగ్గురూ ఇక్కడే ఉన్నారండి," అన్నాను. "చప్పట్లు కొడుతున్నారు."

ఒక చేత్తో ఫోను పట్టుకుని చప్పట్లు కొట్టడం కుదరదు కనుక, పెట్టేశాను.